శ్రమ దినాల ఉపవాస కూటాలు: పరకాల దారిలోని ఒక ప్రార్థన మందిరంపై సమీక్ష

హనుమకొండ నుండి పరకాల వెళ్లే దారిలో, గూడెప్పాడ్ క్రాస్ రోడ్డు దాటిన తరువాత కొంత లోపలికి, మిర్చి చేల మధ్య ఒక ప్రార్థన మందిరం ఉంది. ప్రతి సంవత్సరం శ్రమ దినాలలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాలలో, అక్కడ మూడు రోజుల ఉపవాస కూటాలు జరుగుతాయి. బుధవారం సాయంత్రం ప్రార్థనతో మొదలై శనివారం సాయంత్రం ముగుస్తాయి. ఈసారి ఆ కూటాలలో కడవరకు ఉన్న విశ్వాసిగా, అవి ఎలా నడుస్తున్నాయో, ఎవరికి మేలు చేస్తాయో, ఎక్కడ సరిదిద్దుకోవలసి ఉందో వివరంగా రాస్తున్నాను. మందిరం పేరు గాని కాపరి (పాస్టరు) పేరు గాని ఇందులో ఉండవు. రహస్యమందు చూచే తండ్రి కోసం చేయవలసిన ఉపవాసాన్ని బోధిస్తూ తమ పేరును చాటుకోవడం తగదని అక్కడి సంఘ పెద్దలు మొదటి రోజే చెప్పారు. వచ్చినవారిని కూడా ఫోటోలు తీసి పంపుకోవద్దని కోరారు. ఆ మాటను గౌరవిస్తున్నాను. వెళ్లదలచినవారికి ఆ చుట్టుపక్కల సంఘాల్లో ఎవరిని అడిగినా దారి చూపుతారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఉపవాసం ఎందుకు చేస్తున్నామో తెలియకుండా ఏళ్ల తరబడి చేస్తున్నవారు, చేయాలని ఉండి భయపడుతున్నవారు తప్పక వెళ్లవలసిన కూటాలు ఇవి. వసతుల్లో లోపాలున్నాయి, సాక్ష్యాల సమయంలో, మనవుల సమయంలో నాకు నచ్చని విషయాలు జరిగాయి, వాటిని దాచడం లేదు. అయినా వాక్యోపదేశం, ప్రార్థనకు ఇచ్చిన సమయం, పేదల పట్ల చూపిన శ్రద్ధ ఈ మూడింటిలోను ఇంత నికార్సయిన కూటాలను మన ప్రాంతంలో నేను అరుదుగా చూశాను.

ఉపవాస కూటాన్ని అంచనా వేయాలంటే ఉపవాసం దేనికోసమో ముందు తేల్చుకోవాలి. ఈ రోజుల్లో గోడల మీద, ఫ్లెక్సీల మీద కనిపించే ప్రకటనలు చూస్తే ఉపవాసం అంటే దేవుని చేత మన పని చేయించుకునే ఉపాయమనిపిస్తుంది. ఇన్ని రోజులు పస్తులుంటే ఉద్యోగం, ఇన్ని రోజులుంటే సంతానం, ఇంకా ఎక్కువ రోజులుంటే విదేశీ వీసా అని లెక్కలు కట్టి చెప్పే కూటాలకు నేను వెళ్లాను. అక్కడి నుండి ఇంటికి తిరిగి వెళ్తున్న తల్లుల ముఖాల్లో కోరిక తీరకపోతే లోపం తమ విశ్వాసానిదేనన్న దిగులును కూడా చూశాను. ఈ మందిరంలో మొదటి సాయంత్రమే కాపరి ఆ లెక్కను పక్కన పెట్టారు. ఆయన తీసుకున్న వాక్యభాగం రెండవ సమూయేలు 12వ అధ్యాయం. దావీదు తన బిడ్డ ప్రాణం కోసం నేల మీద పడి ఉపవాసమున్నాడు, ఏడు రోజులకు బిడ్డ చనిపోయాడు. చనిపోయాడని తెలిసిన తరువాత దావీదు లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకొని, యెహోవా మందిరానికి వెళ్లి మొక్కి, ఆ తరువాతే ఇంటికి వచ్చి భోజనం చేశాడు. అడిగింది దొరకని ఉపవాసం కూడా దేవుని సన్నిధిలోనే ముగిసిందని, ఆ రాజును కోపంతోనో నిరాశతోనో దేవునికి దూరం చేయలేదని కాపరి ఓపికగా వివరించారు. ఉపవాస కూటాన్ని జవాబు రాని ప్రార్థనతో మొదలుపెట్టడానికి ధైర్యం కావాలి. వింటున్నవారిలో ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలసిపోయినవారు చాలామంది ఉన్నారు, వారికి ఆ మాట ఎంత అవసరమో అక్కడి నిశ్శబ్దంలోనే తెలిసింది.

తరువాతి పూట ఆయన ఉపవాసపు ఉద్దేశాన్ని గ్రంథంలోని వేర్వేరు సందర్భాల నుండి చూపారు. ప్రాయశ్చిత్త దినాన ఇశ్రాయేలీయులు తమ్మును తాము దుఃఖపరచుకోవడం పాపాన్ని తేలికగా తీసుకోకుండా ఉండడానికి. నెహెమ్యా యెరూషలేము ప్రాకారాలు కూలిన వార్త విని ఏడ్చి ఉపవాసమున్నది తన జనం పాపాన్ని తన పాపంగా ఒప్పుకోవడానికి. ఎజ్రా అహవా నది దగ్గర ఉపవాసం చాటించింది ప్రయాణంలో రాజు సైనికుల కాపుదలను కాక దేవుని కాపుదలను ఆశ్రయించడానికి. అంతియొకయ సంఘం ఉపవాసముండి ప్రార్థన చేసి బర్నబాను, సౌలును పంపింది తమ ఆలోచన ప్రకారం కాక పరిశుద్ధాత్మ నడిపింపు ప్రకారం పని చేయడానికి. వీటన్నిటిలో కనిపించేది ఒక్కటే: రోజూ మన ఆలోచనను, సమయాన్ని ఆక్రమించే తిండిని కొంతసేపు పక్కన పెట్టి, ఆ ఖాళీలో దేవుని వైపు తిరగడం. ఆకలి వేసినప్పుడల్లా మనం ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నామో గుర్తుకు వస్తుంది. అరణ్యంలో నలువది దినాల తరువాత రాళ్లను రొట్టెలు చేయమని శోధకుడైన సాతాను అడిగినప్పుడు ప్రభువు ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం నుండి జవాబివ్వడానికి కారణం అదే. ఆ అధ్యాయం మన్నా తిన్న జనానికి ఆకలి ఏమి నేర్పిందో చెబుతుంది.

మార్కు 9:29 గురించి ఆయన చెప్పిన మాట నాకు ప్రత్యేకంగా నచ్చింది. దయ్యం పట్టిన బాలుని సంగతిలో ఉపవాసమనే మాట ముఖ్యమైన ప్రాచీన ప్రతులలో లేదని, అక్కడ ప్రభువు ప్రార్థననే ప్రస్తావించాడని ఆయన దాపరికం లేకుండా చెప్పారు. ఉపవాసం దానంతట అదే శక్తినిచ్చే సాధనమని బోధించేవారు ఎక్కువగా పట్టుకునే వచనం అది. కూటానికి వచ్చినవారిలో కొందరికి ఆ మాట రుచించలేదు. విరామంలో బావి దగ్గర ఇద్దరు అన్నదమ్ములు దాని మీదే గట్టిగా వాదించుకున్నారు. అయినా కాపరి తన మాటను మెత్తబరచలేదు.

ఈ కూటాలలో అన్నిటికంటే విలువైనది శుక్రవారం ఉదయపు ఉపదేశం. యెషయా 58వ అధ్యాయాన్ని ఆయన మిర్చి చేలలోకి తీసుకువెళ్లి నిలబెట్టారు. అది ఎందుకంత సూటిగా తగిలిందో అర్థం కావాలంటే ఆ రోజుల్లో ఆ ఊళ్లు ఎలా ఉంటాయో తెలియాలి. శ్రమ దినాలు వచ్చేసరికి మిర్చి ఏరుడు జోరుగా సాగుతుంది, కల్లాల్లో కాయ ఎర్రగా ఆరబోసి ఉంటుంది, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్టుకు బస్తాలు వెళ్తుంటాయి. రైతుకు ధర గురించి గుబులు, కూలికి కూలి డబ్బులు ఎప్పుడు చేతికి వస్తాయోనన్న గుబులు. ఆ మందిరంలో ఒకే చాప మీద ఈ రెండు రకాలవారూ కూర్చున్నారు. యెషయా కాలంలో జనం 'మేము ఉపవాసముండగా నీవెందుకు చూడవు' అని దేవుణ్ణి నిలదీశారు. దానికి వచ్చిన జవాబు, ఉపవాస దినానే మీరు మీ వ్యాపారం చేసుకుంటున్నారు, మీ పనివారి చేత కఠినమైన పని చేయిస్తున్నారు అని. కాపరి ఆ వచనం చదివి, చాలాసేపు ఆగి, కూలి ఆపి పెట్టుకొని ఇక్కడికి వచ్చి పస్తులున్నవారు ఎవరైనా ఉంటే మధ్యాహ్నపు ప్రార్థన వదిలేసి వెళ్లి కూలి ఇచ్చి రండి, ఆ దారిలో నడిచిన నడకే మీ ఉపవాసం అన్నారు. ఎవరినీ వేలెత్తి చూపలేదు, గొంతు పెంచలేదు. మధ్యాహ్నం మోటారు సైకిళ్లు కొన్ని బయటికి వెళ్లడం, సాయంత్రం లోపు తిరిగి రావడం నేను చూశాను. వెళ్లినవారు ఎందుకు వెళ్లారో నేను అడగలేదు, అడగకూడదు కూడా.

అదే ప్రసంగంలో ఆయన యెజెబెలు రాణిని గుర్తుచేశారు. మొదటి రాజులు 21లో నాబోతు ద్రాక్షతోటను కాజేయడానికి, అతని మీద అబద్ధ సాక్ష్యం పెట్టించడానికి ఆమె ఊరంతా ఉపవాసం చాటించింది. ఉపవాసం ఎంత పవిత్రమైన పేరుతో ఎంతటి దుర్మార్గానికి ముసుగు కాగలదో చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ లేదు. పొలం గట్ల తగాదాలు, కౌలు తగాదాలు లేని ఊరు మన జిల్లాల్లో ఉండదు గనుక ఈ సంగతి వింటున్నప్పుడు చాలామంది తల వంచుకున్నారు.

ఆ పూట ముగిసిన తరువాత ప్రశ్నలు అడిగే సమయం ఇచ్చారు. మిర్చి ఏరి నేరుగా వచ్చిన ఒక తల్లి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఆమె వేళ్లు మంటకు ఎర్రబడి ఉన్నాయి, కన్ను దురద పెట్టినా చేయి పైకి తీసుకెళ్లకుండా భుజంతో తుడుచుకుంటోంది. 'అయ్యగారూ, పొద్దంత ఎండల మిర్పకాయ ఏరినంక కడుపు మాడ్చుకుంటే కండ్లు తిరుగుతున్నయి. పగటీలి ఇంత అంబలి తాగితే ఉపవాసం చెడిపోతదా, దేవునికి కోపమొస్తదా?' అని అడిగింది. కాపరి వెంటనే జవాబు చెప్పకుండా వేదిక దిగి ముందుకు వచ్చారు. 'తాగమ్మా, కడుపు నిండ తాగు. నేను నీడపట్టున కూసుండి పస్తుంటున్న, నువ్వు ఎండల నిలబడి పని చేస్తున్నవు. నా ఉపవాసం కన్న నీ పని బరువు. సాయంత్రం కాసేపు మౌనంగా దేవుని ముందర కూసో, గంతే సాలు' అన్నారు. వెనుక కూర్చున్న అమ్మగారు (కాపరి భార్య) ఆమెను పక్కకు తీసుకువెళ్లి, వేళ్లకు కొబ్బరినూనె రాసి, కుండలో ఉంచిన సల్ల గ్లాసులో పోసి ఇచ్చారు. ఉపవాసం గురించి నేను విన్న ఎన్నో వివరణల కంటే ఆ జవాబు నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది. ఆకలి అనుభవం కొత్త కానివారికి ఆకలిని భక్తిగా అప్పగించడం, కడుపు నిండినవారికి మాత్రం దాన్ని ఐచ్ఛికంగా వదిలేయడం మన సంఘాలలో జరుగుతున్న పెద్ద అన్యాయం. ఈ మందిరం దాన్ని తిరగేసి చూపింది.

ప్రార్థనకు కేటాయించిన సమయం గురించి కూడా చెప్పాలి. చాలా కూటాలలో ఉపవాస ప్రార్థన అని పేరు పెట్టి రోజంతా ప్రసంగాలు, పాటలు, ప్రకటనలతో నింపేస్తారు, ప్రార్థనకు మిగిలేది పావుగంట. ఇక్కడ తెల్లవారుజామున 5 గంటలకు, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా ప్రార్థనకే సమయం ఉంచారు. మధ్యాహ్నపు పూట మైకు పూర్తిగా ఆపేశారు. ఒకరి గొంతు వినపడకుండా ఎవరికి వారు మందిరంలోనో, వేపచెట్ల కిందనో, చేను గట్టు మీదనో కూర్చోవచ్చు. మొదటి రోజు ఆ మౌనం చాలామందికి కష్టమైంది. మైకు లేకపోతే ప్రార్థన చేయడం రాదన్నట్టు అటూ ఇటూ తిరిగారు, కొందరు ఫోన్లు తీశారు. మూడవ రోజుకు అదే సమయం కోసం ఎదురుచూసే స్థితికి వచ్చారు. ఆకలిగా ఉన్నప్పుడు మనసు చిరాకు పడుతుంది, పాత కోపాలు పైకి తేలుతాయి, ఎవరి మీద పగ ఉందో స్పష్టంగా తెలుస్తుంది. ఆ చిరాకును పాటలతో కప్పేయకుండా దేవుని ముందు ఒప్పుకోవడానికి సమయం ఇవ్వడమే ఈ ఏర్పాటులోని గొప్పతనం. ఉపవాసం, ప్రార్థన ఎందుకు కలిసి నడవాలో అక్కడ అనుభవంలో అర్థమవుతుంది. ప్రార్థన లేని ఉపవాసంతో ఒళ్లు అలసిపోవడం తప్ప ఏమీ ఉండదు.

రాత్రి పూట విజ్ఞాపన ప్రార్థనలో తమ కోరికల కంటే ముందు ఇతరుల కోసం ప్రార్థించే పద్ధతి పెట్టారు. పత్తి నష్టపోయిన రైతుల కోసం, మద్యానికి బానిసలైనవారి ఇళ్ల కోసం, గల్ఫ్ వెళ్లి చిక్కుకుపోయినవారి కోసం ప్రార్థన జరిగింది. కరీంనగర్, జగిత్యాల వైపు నుండి వచ్చిన కుటుంబాలు ఆ చివరి అంశం దగ్గర ఏడ్చాయి.

ఈ కూటాలకు సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్తిస్టు, కాథలిక్కు, స్వతంత్ర సంఘాలవారు అందరూ వస్తారు. 1879లో అమెరికన్ బాప్తిస్టు మిషను హనుమకొండలో పని మొదలుపెట్టినప్పటి నుండి నేటి వరకు మన ప్రాంతంలో ఎన్నో సంఘాలు వేరుపడ్డాయి, ఉపవాసం విషయంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క అలవాటు. మన పల్లె సంఘాల్లో స్త్రీలు శుక్రవారం ఉపవాస ప్రార్థనకు కూడుతారు. తొలి శతాబ్దాల క్రైస్తవులు కూడా బుధ, శుక్రవారాలలో ఉపవాసమున్నారు, శుక్రవారం ప్రభువు సిలువ వేయబడిన రోజు గనుక. కాజీపేట ఫాతిమా మాత కెథడ్రల్ వైపు నుండి వచ్చిన కాథలిక్కు సోదరులు తమ నియమాన్ని వివరించారు. భస్మ బుధవారం, శుభ శుక్రవారం రోజుల్లో 18 ఏళ్లు నిండినవారు 60వ ఏట అడుగుపెట్టేవరకు ఒక్క పూట మాత్రమే పూర్తి భోజనం చేస్తారు, మాంసం ముట్టరు. భస్మ బుధవారం నుండి ఈస్టరు ముందు రోజు వరకు 46 రోజులుంటే అందులోని 6 ఆదివారాలను లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల శ్రమ దినాలు 40 అవుతాయని, పునరుత్థానాన్ని ఆచరించే ఆదివారం ఉపవాస దినం కాదని తెలియనివారు మా వైపు చాలామంది ఉన్నారు. ఇంత స్పష్టమైన నియమం ఉండడం మంచిదే అనిపించింది. మన స్వతంత్ర సంఘాలలో ఎవరికి తోచినట్టు వారు కఠినంగా చేసి, చేయలేనివారిని చిన్నచూపు చూడడం కంటే, అందరికీ సాధ్యమైన మితమైన నియమం ఒకటి ఉండడంలో వినయం ఉంది.

ఆరోగ్యం విషయంలో నిర్వాహకులు బాధ్యతగా ఉన్నారు. పేరు రాయించుకునేటప్పుడే షుగరు, బీపీ, మూర్ఛ, టీబీ మందులు వాడుతున్నారా అని అడుగుతారు. షుగరు మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసుకునేవారు తినకుండా ఉంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పే ప్రమాదముంది. అందుకని వారిని వైద్యుణ్ణి అడగకుండా పస్తుండనివ్వరు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు పస్తుండకూడదని స్పష్టంగా చెప్పారు. వారికి మధ్యాహ్నం కిచిడీ, పప్పు చారు విడిగా వండారు. మందు మానడం విశ్వాసం కాదని కాపరి రెండుసార్లు వేదిక మీద నుండి చెప్పారు. నీళ్లు తాగకుండా ఉండే ఎస్తేరు ఉపవాసాన్ని ఈ ఎండల్లో ఎవరూ చేయవద్దని కూడా అన్నారు. చేయదలచినవారికి దానియేలు 10వ అధ్యాయంలోని పద్ధతిని సూచించారు. దానియేలు ఆ మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం వంటి ఇష్టమైనవి మానాడు. పూర్తిగా పస్తుండలేనివారికి అది చాలినంత ఉపవాసమే.

ఇక నచ్చని విషయాలు. మొదటిది సాక్ష్యాల సమయం. తల అంటుకొని ముఖం కడుక్కొని ఉపవాసముండమన్న మత్తయి 6వ అధ్యాయాన్ని ఉదయం బోధించి, సాయంత్రం అదే వేదిక మీద తాను ఎన్ని రోజులు పస్తున్నాడో ఒక్కొక్కరు చెప్పుకోవడానికి మైకు ఇవ్వడం ఏ విధంగానూ పొసగదు. ఒక సోదరుడు ఏడు రోజులన్నాడు, ఆయన తరువాత లేచిన సోదరుడు ఇరవై ఒకటి అన్నాడు, చప్పట్లు కూడా అలాగే పెరిగాయి. వారానికి రెండు మారులు ఉపవాసం చేస్తున్నానని దేవాలయంలో చెప్పుకున్న పరిసయ్యుని ఉపమానం లూకా 18లో ఉంది. ఆ ఉపమానం తెలియనివారు ఆ సభలో లేరు. ఈ భాగాన్ని తీసివేస్తే కూటాలకు నష్టమేమీ ఉండదు, సాక్ష్యం ఉండాలనుకుంటే దేవుడు చేసిన మేలును చెప్పమని, తమ లెక్కను చెప్పవద్దని ముందే కట్టడి చేయాలి.

రెండవది ఇంకా గంభీరమైనది. ప్రార్థన మనవులను చీటీల మీద రాసి డబ్బాలో వేయమన్నారు, అది మంచి పద్ధతే. ఆ చీటీలను రాత్రి మైకులో పేర్లతో సహా చదివేశారు. ఒక అమ్మాయి జబ్బు, ఒక ఇంటి అప్పు, ఒక దంపతుల గొడవ, ఊరివారంతా కూర్చున్న చోట బహిరంగమయ్యాయి. ఆ ఇళ్లవారు మరునాడు మందిరానికి ఎంత బరువైన మనసుతో వచ్చి ఉంటారో ఆలోచించాలి. పెద్దలను కలిసి ఈ సంగతి చెప్పాను. వారు కోపం తెచ్చుకోలేదు, మరుసటి రాత్రి పేర్లు చదవడం ఆపేశారు. అయినా చీటీలు ఎవరి చేతికి వెళ్తాయి, తరువాత వాటిని ఏం చేస్తారు అనేది తేలలేదు. వచ్చే సంవత్సరం నాటికి చీటీలను ఇద్దరు ముగ్గురు నమ్మకమైన పెద్దలే చదివి, ప్రార్థించి, కాల్చివేసే ఏర్పాటు ఉండాలి.

మూడవది వసతి. స్త్రీలకు మరుగుదొడ్లు చాలవు, తెల్లవారుజామున పొడవైన వరుస నిలిచింది. రాత్రి పూట ఆ వైపు దీపం కూడా లేదు. పొలాల మధ్య ఉన్న చోట రాత్రిళ్లు వందల మంది స్త్రీలు ఉంటారని తెలిసి కూడా ఒక దీపం వేయించకపోవడం నిర్లక్ష్యమే. పడుకోవడానికి పరదాలతో వేరు చేసిన షెడ్డు ఉంది గాని ఫ్యాన్లు తక్కువ. తాగునీటి క్యాన్లు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉన్నాయి. రాత్రి ప్రార్థనలో సౌండు బాక్సులు రోడ్డు వైపు తిప్పి పెట్టడం వల్ల పక్క ఊరివారికి ఇబ్బంది కలిగింది. పరీక్షలకు చదువుకునే పిల్లలున్న కాలం అది, పొరుగువారి నిద్ర చెడగొట్టి చేసే ప్రార్థన యెషయా 58కి ఎంత దూరమో వారికి ఎవరో చెప్పాలి.

డబ్బు విషయంలో నాకు సందేహాలేమీ మిగలలేదు. కూటాలకు రుసుము లేదు. ప్రార్థన చేసిన నూనె సీసాలు, రుమాళ్లు అమ్మే బల్లలు అక్కడ కనిపించలేదు. రెండవ రోజు ఒక్క కానుక పట్టారు. దాని ఉద్దేశాన్ని ముందే ప్రకటించారు: ఎవరు ఎన్ని పూటలు మానారో ఆ పూటల భోజనానికి తమ ఇంట్లో ఎంత ఖర్చయ్యేదో లెక్కవేసుకొని అంత ఇవ్వాలి, బియ్యం ఇవ్వదలచినవారు బియ్యం ఇవ్వాలి. ఉపవాస దినాన తినని అన్నం విలువను విధవరాలికి, అనాథకు ఇవ్వమని రెండవ శతాబ్దపు క్రైస్తవులే బోధించారు. రోజూ వంటకు ముందు గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టే అలవాటు ఉన్న మన పల్లె తల్లులకు ఇది కొత్త కాదు. మానిన అన్నం ఇంకొకరి కంచంలోకి చేరకపోతే ఉపవాసం ఇంటి ఖర్చు తగ్గించుకోవడమే అవుతుందని కాపరి అన్నారు. మెదక్ కెథడ్రల్‌ను ఉదాహరణగా చెప్పారు. కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు ఆకలితో ఉన్న ప్రజలకు పని కల్పించి, కూడు పెట్టి కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. మన ప్రాంతంలో అంత పెద్ద ఆలయం ఆకలి తీర్చే పనిలో నుండి లేచిందన్న సంగతి యువకులు చాలామంది మొదటిసారి విన్నారు.

చివరి రోజు మధ్యాహ్నం ఆ బియ్యాన్ని స్త్రీల సమాజంవారే వండారు. ఉపవాసంలో ఉన్నవారు తాము తినకముందు అన్నం, పప్పు పొట్లాలు కట్టడానికి కూర్చున్నారు. వేడి అన్నం వాసన తగులుతుండగా ఒక్క మెతుకు నోట్లో వేసుకోకుండా పొట్లం కట్టి, రబ్బరు బ్యాండు వేసి, పక్కనున్నవారికి అందించడం ఎంత కష్టమో చేసినవారికి తెలుస్తుంది. ఆ పొట్లాలను ఆటోలో వరంగల్ తీసుకువెళ్లి ఎంజీఎం ఆసుపత్రి బయట రోగుల వెంట వచ్చి ఉన్నవారికి పంచారు. ఆటో తిరిగి వచ్చిన తరువాతే ఇక్కడ ఉపవాసం ముగించే ప్రార్థన జరిగింది. ఉపవాసం ముగించడంలో కూడా తొందరపడనివ్వలేదు. ముందు గోరువెచ్చని నీళ్లు, తరువాత పలుచని గంజి, కాసేపు ఆగి మెత్తని అన్నం, చారు. మూడు రోజుల తరువాత బిర్యానీతో ఉపవాసం విడిచి కడుపునొప్పితో ఆసుపత్రి పాలైనవారిని ఇతర చోట్ల చూసినందున ఈ జాగ్రత్త నాకు ఎంతో నచ్చింది.

వెళ్లదలచినవారికి కొన్ని వివరాలు. పేరు ముందుగా రాయించుకోవాలి, కూటాలకు వారం ముందు వరకు రాయించుకుంటారు. దుప్పటి, టార్చిలైటు, నీళ్ల సీసా, రోజూ వాడే మందులు, డాక్టరు చీటీ వెంట తీసుకువెళ్లాలి. పరకాల బస్సులు పగలు దొరుకుతాయి గాని రాత్రి కూటం ముగిసే వేళకు దొరకవు, మూడు రోజులు ఉండలేనివారు సొంత బండి మీద వెళ్లడం మేలు. ఒక్క పూట మాత్రమే వీలయ్యేవారు శుక్రవారం ఉదయం వెళ్లాలి. కోరిన వరం వెంటనే దొరుకుతుందన్న ఆశతో వెళ్లేవారికి ఇక్కడ నిరాశ కలగవచ్చు, అలాంటి వాగ్దానం ఎవరూ ఇవ్వరు. పిల్లలతో వచ్చే తల్లులు స్త్రీల షెడ్డులో గోడ పక్క చోటు ముందే అడిగి పెట్టుకోవడం మంచిది, గాలి అక్కడే బాగా వస్తుంది.